చాదర్‌ఘాట్ వరదలో దొంగ టిక్కులు

ఒక మాట ఇన్నేళ్లుగా నా గొంతులో చేపముల్లులా ఉండిపోయింది. నవ్వితే గుచ్చుతుంది. నేనేమో పొద్దస్తమానం నవ్వించే మనిషిని. చూడండి నా పాట్లు. మీకు చెప్పేస్తాను. మీరు నన్నెరుగరు, అదే ధైర్యం.

ఆరో తరగతిలోనే బడికి సలాం కొట్టి, ఆబిడ్స్‌లో సైకిళ్లకు పంక్చర్లు వేసి, చివరికి నాంపల్లిలో నదుల నీరు కొలిచే దఫ్తరులో ఖలాసీగా చేరాను. నీరు కొలవడమంటే చెంబులతో కాదు. ఏటికి అడ్డంగా తాడు కట్టి, దాని వెంట పడవ జరుపుకుంటూ పోవాలి. గిన్నెల చక్రమున్న మీటరును నీళ్లలోకి దించాలి. ప్రవాహానికి చక్రం తిరుగుతుంది. ఒక్కో చుట్టుకు ఒక టిక్కు, తీగ గుండా పైకొచ్చి, చెవులకు పెట్టుకున్న ఫోనులో వినిపిస్తుంది. టిక్కులు లెక్కపెడితే నీటి వేగం తెలుస్తుంది.

ఆ ఫోను పెట్టుకునేది మా పడవలో పెద్దవాడు దేవసహాయం అన్న. మెదక్ మనిషి, మాట తక్కువ. ఆదివారం ఆబిడ్స్ దగ్గరి చర్చిలో పాట ఎత్తుకునేది ఆయనే. పడవలో కళ్లు మూసుకుని టిక్కులు వింటుంటే అక్కడా ప్రార్థనే చేస్తున్నట్టుండేవాడు. నది నాకు అబద్ధం చెప్పదు అనేవాడు. ఎంత బతిమాలినా ఫోను నా చేతికిచ్చేవాడు కాదు. నా పని బ్యాటరీ డబ్బా తడవకుండా ఒళ్లో పెట్టుకుని, గుడ్లు పొదిగే కోడిలా కూర్చోవడం.

ఆ ఏడు మూసీ పొంగింది. చాదర్‌ఘాట్ వంతెన మీద జనం గొడుగులతో బారులు తీరారు. ఎర్రటి నీళ్లు, కొట్టుకొచ్చే దుంగలు, బిగిసి మోగుతున్న తాడు. భయమా? ఒళ్లంతా పండుగే నాకు. అంతమంది చూస్తుంటే నాలాంటివాడి చేతులు ఊరుకుంటాయా? అన్న ఉలిక్కిపడితే చూడాలనిపించింది. డబ్బా చాటున తీగల మొనలు రెండూ ముట్టించాను. అన్న చెవిలో ఒక దొంగ టిక్కు. మళ్లీ ముట్టించాను. ఇంకా, ఇంకా.

అన్న కళ్లు తెరిచి లెక్క చెప్పాడు. కోస్తా నుంచి వచ్చిన కుర్ర ఇంజనీరు గుణించి చూసి, ఇంత వేగమే నిజమైతే మనం ఈపాటికి నల్గొండలో తేలాలయ్యా అన్నాడు. పడవంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నేను నవ్వాను. మళ్లీ కొలిచారు. ఈసారి నేను బుద్ధిగా ఉన్నాను, లెక్క మామూలుగా వచ్చింది. అన్న ఫోను తీసి, మొదటిసారి, నాకిచ్చాడు.

"జర నువ్వు పెట్టుకొని చూడు తమ్మీ. ఇందాకటి లెక్కనే ఉరుకుతున్నదా?"

పెట్టుకున్నాను. టిక్. టిక్. టిక్. ఏమని చెప్పను ఆ సంబరం! ఏటి అడుగు నుంచి ఎవరో నన్నే పిలుస్తున్నట్టుంది.

"లేదన్నా. మామూలుగనే ఉన్నది."

"నాకైతే గుర్రం ఉరికినట్టే వినొచ్చింది."

"గట్లనిపించి ఉంటది అన్నా."

మామూలుగా ఉందన్నది నిజమే. నా జన్మలో ఆడిన అబద్ధాలన్నీ ఒకవైపు, ఆ నిజం ఒక్కటీ ఒకవైపు.

ఎందుకు చెప్పలేదు? నౌకరీ పోతుందనా? అలా అనుకుంటే సుఖమే గానీ, కాదు. నవ్వుకోసం మొదలుపెట్టినవాణ్ని, ఫోను చెవులకు తగిలాక దాన్ని తీయబుద్ధి కాలేదు. అంతే.

తన చెవులు పాడయ్యాయని, వరదలో లెక్క తప్పితే ప్రాణాలు పోతాయని, అన్నే ఇంజనీరును అడిగి పడవ దిగిపోయాడు. నాంపల్లి స్టోరులో తాళ్లు, కిరోసిను పంచుతూ కూర్చున్నాడు. ఫోను నాదైంది. మంజీరా, కృష్ణ, గోదావరి, ఒక్కోదానిది ఒక్కో నడక, అన్నీ నా చెవుల్లోంచే వెళ్లాయి! సిగ్గు విడిచి చెబుతున్నాను, అంత సంతోషంగా నేనెప్పుడూ లేను.

ఒక క్రిస్మస్‌కు భోజనానికి పిలిచారు. వదిన వడ్డిస్తూ, మీ అన్న చర్చిలో పాడటం మానేశాడంది. గొంతుకు కూడా సెలవిచ్చావా అని నేను ఆట పట్టించాను. చెవి మీదే నమ్మకం పోయాక శ్రుతి ఎలా కలుపుతానన్నాడాయన, నా పళ్లెంలో ఇంకో ముక్క వేస్తూ. అప్పటిదాకా ఆయన చోటొక్కటే లాక్కున్నాననుకున్నాను. పాట కూడా పట్టుకొచ్చానని అప్పుడు తెలిసింది. మరి అప్పుడైనా చెప్పానా? ఆ ముక్క తిన్నాను.

తర్వాత ఇరానీ చాయ్ ముందు ఎన్నోసార్లు, అన్నా ఆ రోజు పడవలో, అని ఎత్తుకున్నాను. ప్రతిసారీ చివరికి ఏదో జోకు అతికించాను. ఆయన నవ్వేవాడు. మంచి జోకులు, పాపం, నన్ను బాగా కాచాయి.

అన్న పోయాడు. సమాధి దగ్గర, చెవులు పాడైనప్పటి నుంచి మనిషే మారిండని వదిన వచ్చినవాళ్లకు చెబుతోంది. నేను ఆమె పక్కనే ఉన్నాను. తల ఊపాను.

క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. ఒక్క మాటైనా, వెనక నవ్వు తగిలించకుండా, చివరిదాకా చెప్పనివ్వండి. దేవసహాయం అన్న చెవులకు ఏమీ కాలేదు. ఆయన సరిగ్గానే విన్నాడు.