వాచరు పోయింది

మా ఊరి ప్లంబరు బాగున్న ఇత్తడి నల్లాను పాడైందని చెప్పి పీకిండు. దాని జాగల ప్లాస్టిక్ నల్లా బిగించి, ఇత్తడి దాన్ని తన సంచిల ఏసుకొని పోయిండు. నేను ఇంట్ల లేను. ఉంటే ఆ సంచి నా గడప దాటేది కాదు.

ఆ నల్లా మా వంటింటి వెనకాల, గిన్నెలు తోమే సిమెంటు తొట్టి మీద ఉండేది. ఇల్లు కట్టిన్నాడు నా చేతులతోనే పెట్టిన. చేతిల పట్టుకుంటే చెయ్యి కిందికి గుంజేంత బరువు. దానికి ఒకటే రోగం. రెండు మూడేండ్లకోసారి లోపలి వాచరు అరిగి బొట్టు బొట్టు కారేది. వాచరంటే గుండ్రటి చిన్న రబ్బరు ముక్క. నీళ్లను ఆపేది అదే. పాత చెప్పు అడుగు కోసి నేనే తయారు చేసి ఏసుకునేటోన్ని. ఎవరూ నేర్పలే. విప్పి చూసిన, అర్థమైంది. చదువు గూడ నాకు గట్లనే వచ్చింది. కలప డిపోల దుంగల మీద రాసిన అక్షరాలను చూసి చూసి కూడబలుక్కున్న. ఈసారి మాత్రం వేళ్లు మాట ఇనలే. పానా పట్టి తిప్పుదామంటే పట్టు జారింది. అందుకే ఫోన్ చెయ్యవలసి వచ్చింది. లేకుంటే ఆ మనిషి మొఖం చూసే ఖర్మ నాకెందుకు?

ఇక్కడ ఒక మాట చెప్పాలె. అడవిల కాపలా కాసేటోన్ని గూడ మా దిక్కు వాచర్ అనే అంటరు. నేను బూర్గంపాడు అవతలి అడవిల ఆ పని చేసి రిటైరైనోన్ని. ఊరంత నన్ను వాచర్ తాత అనే పిలుస్తది.

ఫోన్ ప్లంబరు భార్య ఎత్తింది.

"బిడ్డా, వాచర్ తాత ఇంటికాంచి. వాచరు పోయింది. మీ ఆయనను జల్దీ రమ్మను" అన్న.

"అయ్యో దేవా!" అని ఫోన్ పెట్టేసింది. రబ్బరు ముక్కకు ఇంత బాధేందని నాకు అప్పుడే అనుమానం రావాలె. రాలే.

మూడు రోజులు మనిషి పత్తా లేడు. తొట్టి కింద బురద, బురద నిండ దోమలు. నాలుగో రోజు ఆదివారం. మొగుడు పెండ్లాలిద్దరు చర్చి నుంచి సీదా మా ఇంటికి వచ్చిన్రు. ఆయన చేతుల చేమంతి పూలదండ. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. నేను వాకిట్ల మంచం మీద కూసోని చాయ్‌ల రస్కు ముంచుకుంటున్న.

"తాతా... నువ్వున్నవా?"

"ఉన్న. ఉండొద్దా?"

"నువ్వు పోయినవన్నది మా ఆమె. మీ చుట్టమెవరో ఫోన్ చేసిండట."

"చేసింది నేనే. నల్లాల వాచరు పోయింది అన్న. వాచర్ పోయిండు అనలే. చెవులున్నయా, అమ్ముకున్నరా?"

ఆయన దండను వీపు వెనక్కి పెట్టుకున్నడు. లోపలి నుంచి మా ముసల్ది వచ్చి, సంగతి ఇని, నవ్వు ఆపుకోలేక దర్వాజ పట్టుకున్నది. "పూలు మంచిగున్నయి, పారెయ్యకు బిడ్డా. ఇయ్యాల కాకుంటే రేపు పనికొస్తయి" అన్నది.

నా కుటుంబానికి ఆదరణ దొరకాలని చర్చిల ప్రార్థన గూడ చేయించిన్రట. నాలుగు రోజుల నుంచి నాకు కావలసిన ఆదరణ ఒక్క రబ్బరు ముక్క. అది తేలే, పూలు తెచ్చిన్రు. నిజంగనే పోయినా నాలుగో రోజుదాంక రాకపోవుడు ఏందని అడిగిన. "బోరు పని మీద ఉన్న తాతా" అన్నడు. నేను బతికినా చచ్చినా ఈ మనిషికి తీరదన్న మాట.

మర్నాడు పొద్దున బీపీ గోళీల కోసం భద్రాచలం దవాఖానాకు పోయిన. సరిగ్గ అప్పుడే వచ్చిండు. ముందురోజు సిగ్గు కడుక్కుందామనుకున్నడో ఏమో, కొత్త నల్లా ఊరికెనే పెడ్తనన్నడట.

"అవ్వా, ఇది ఖరాబైంది. లోపలంత చిలుం తినేసింది" అన్నడట.

"వాచరు మారిస్తె సాలన్నడు మా ఆయన" అన్నదట మా ముసల్ది.

"తాతది పాత కాలం అవ్వా" అన్నడట.

నేను వచ్చి చూసేసరికి తొట్టి మీద ఆ కొత్తది మెరుస్తున్నది. పైన వెండి రంగు పూత, లోపలంత ప్లాస్టిక్. గోరుతోని గీకితే పూత లేచి వచ్చింది. తిప్పితే నీళ్లు తొట్టిల పడుడు తక్కువ, మనిషి మీద పడుడు ఎక్కువ. పూటకొక చీరె తడుపుకున్నది మా ముసల్ది. పది రోజులకు పిడి గిరగిర తిరుగుడు మొదలుపెట్టింది. ఎంత తిప్పినా నీళ్లు ఆగవు. నోట్ల కదిలే పన్ను లెక్క ఆ పిడి. దాన్ని ముట్టుకోవాలంటేనే నాకు రోత.

ఫోన్ చేసి, నా నల్లా నాకు తెచ్చియ్యమన్న.

"పాత సామాను పని చేసినోనికే తాతా. ఏడికి పోయినా గంతే."

"ఎవడు పెట్టిండు ఆ కానూన్?"

"నాకు పని నేర్పినాయన గట్లనే చేసేటోడు."

"మరి నా నల్లా ఏడున్నది?"

"తుక్కుల పోయింది. పనికిరాని దానికి ఎందుకు పరేషాన్ అయితవ్?"

పనికిరానిది. ఆ మాట నేను ఇదివరకే ఇన్న. డ్యూటీల ఉన్నప్పుడు, గాలివానకు పడ్డ టేకు దుంగను బండికెక్కించుకపోతున్న ఒక పెద్దమనిషిని ఆపిన. "పడ్డ చెట్టు, పనికిరాని కట్టె. నీకేంది వాచరూ" అన్నడు. ఆయనకు చాన మంది తెలుసు. నాకు ఎవరూ తెల్వదు. వదిలేసిన. కొన్నాళ్లకు ఏదో పని మీద ఆయన ఇంటికి పోతే, ఆ పనికిరాని కట్టె దర్వాజై నిలబడి ఉన్నది. దాని కిందికెల్లే తల వంచుకొని లోపలికి పోయిన. ఆ తల వంచుకున్నది యాదికొస్తే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం పుడ్తది.

ఈసారి వదిలెయ్యదల్చుకోలే. ఇంకో నల్లా నాకొద్దు. నా నల్లా బాగుండెనని ఆ మనిషి నోటితోనే చెప్పాలె, అది మళ్ల నా తొట్టి మీదికి రావాలె. చేతికట్టె పట్టుకొని వాళ్లింటికి నడిచిన.

ప్లంబరు లేడు. భార్య పెరట్ల బట్టలు పిండుతున్నది. నన్ను చూసి లేచి, "కూసో తాతా, చాయ్ పెడ్త" అన్నది. ఆమె వెనకాల, తొట్టి మీద, నా ఇత్తడి నల్లా! ఎప్పుడో నా సుత్తె తగిలి పడ్డ సొట్ట పిడి మీద అట్లనే ఉన్నది. లోపల కొత్త వాచరు ఏసినట్టున్నడు, ఒక్క బొట్టు కారుతలేదు. చింతపండు పెట్టి తోమి తళతళ మెరిపించిన్రు.

"ఇది ఏడికెల్లి వచ్చింది బిడ్డా?"

"మా ఆయన తెచ్చిండు తాతా. మంచిది దొరికిందన్నడు."

అప్పుడే బండి దిగి ఆయన వచ్చిండు. నన్ను చూసిండు, నల్లాను చూసిండు, పానాల సంచిని నెమ్మదిగ కింద పెట్టిండు.

"తుక్కుల పోయిందన్నవ్ కద. పనికిరానిదన్నవ్ కద. మరి నీ ఇంట్ల ఎందుకు పెట్టుకున్నవ్?"

తల గోక్కున్నడు. భార్య దిక్కు చూసిండు. ఆమె బకెట్ పట్టుకొని లోపలికి పోయింది. మళ్ల అడిగిన. నేల చూసిండు. మూడోసారి, కట్టె చివరను ఆ నల్లాకు ఆనించి అడిగిన. అప్పుడు చెప్పిండు:

"ప్లాస్టిక్‌వి మా ఇంట్ల ఆగుతలేవు తాతా. నెలకొకటి ఇరుగుతున్నది."