జగన్నాథం గారి భుజం నొప్పి

బందరులో పంటి డాక్టరు జగన్నాథం గారి ఆసుపత్రికి వెళ్తే, పన్ను పీకించుకునేవాళ్ళ కంటే పీకే ఆయన మూలుగే గట్టిగా వినిపిస్తుంది. "అమ్మో, నా భుజం! ఆగండి, అందరూ ఆగండి!" అని కేక పెట్టి, పట్టకారు పళ్ళెంలో పడేసి, రెండు చేతులూ ఫ్యాను రెక్కల్లా తిప్పుతారు. పక్క కుర్చీ దగ్గర జూనియరు నవ్యశ్రీ కూడా చేతులు దించాల్సిందే. అది ఆయన చట్టం.

"డాక్టరుగారూ, పోనీ మీరు ఈ కుర్చీలో పడుకోండి, నేను చూస్తాను" అన్నారొకసారి గూడూరు నుంచి వచ్చిన పిచ్చేశ్వరరావు గారు.

"చూద్దురుగానీ, ముందా నోరు మూయకండి!"

అందరూ నవ్వారు. నవ్యశ్రీకి మాత్రం నవ్వు రాలేదు. ఉద్యోగంలో చేరిన కొన్నాళ్ళకే ఆమె కుడి భుజం లాగడం మొదలుపెట్టింది. రోజంతా నోళ్ళలోకి వంగి వంగి, సాయంత్రానికి వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి. ఇంట్లో చెబితే కంగారుపడతారు. ఈయనకు చెబితే ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో! ఆయన మూలిగినప్పుడల్లా తన ముసలితనం ఎదురుగా నిలబడి మూలిగినట్టుండేది.

ఒకరోజు రత్నకుమారి గారి పుచ్చుపన్ను తొలుస్తుంటే వేళ్ళకు స్పర్శే తెలియలేదు. గిర్రున తిరిగే మిషను, పక్కనే నాలుక. నవ్యశ్రీకి చెమటలు పోశాయి. ఆపితే ఆవిడ ఏమనుకుంటుంది? ఆపకపోతే?

"అమ్మో, నా భుజం! ఆగండి!"

పక్క కుర్చీ నుంచి జగన్నాథం గారి కేక వినగానే నవ్యశ్రీ మిషను ఆపి గట్టిగా ఊపిరి పీల్చుకుంది.

పేషెంట్లు వెళ్ళాక నర్సు వీరదుర్గను అడిగింది. "పాపం, సార్‌కి ఈ భుజం నొప్పి ఎప్పట్నుంచి?"

"భుజం ఈ యేడేనండీ. పోయినేడు నడుం."

"నడుమా?"

"అవునండీ. మీకు ముందు పూర్ణిమ డాక్టరుగారు ఉండేవారు కదా, ఆవిడకి నడుం పట్టేసేది. అచ్చం అప్పుడే సార్‌కీ పట్టేసేది. ఆవిడ వైద్యం చేయించుకుంటే ఈయనకి తగ్గిపోయిందండీ!"

నవ్యశ్రీ తిన్నగా ఆయన గదిలోకి వెళ్ళింది.

"సార్, నాకు భుజం నొప్పి. వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి."

"హమ్మయ్య! చెప్పావు కదా తల్లీ. గుడివాడలో మంచి ఫిజియోథెరపీ ఆవిడ ఉంది, రేపే వెళ్ళు. నయమయ్యేదాకా వెనక దంతాల కేసులన్నీ నావి. నీ కుర్చీ ఎత్తు కూడా మార్పిస్తాను."

"తెలిసినప్పుడు ముందే అడగొచ్చు కదండీ?"

"అడిగితే బాగానే ఉంది సార్ అంటావు. నీ వయసులో నేనూ అదే అన్నాను. చివరికి మెడకి పట్టీ వేసుకుని ఏడాది ఇంట్లో కూర్చున్నాను." ఆయన గొంతు సవరించుకున్నారు. "ఇక నేను అరవక్కర్లేదు. అరిచి అరిచి గొంతు నొప్పి పుట్టింది."

నవ్యశ్రీ ఆయన వంక అనుమానంగా చూసింది. "ఈ గొంతు నొప్పి ఎవరిదండీ, వీరదుర్గదా?"

"ఛ, ఇదొక్కటీ నాదే!"