మైక్‌సెట్టు అంగడిలో ఎర్ర గిటారు

ఈ సంగతి జరిగిన రోజుల్లో నాకు అక్షరాలు రావు. తిరువళ్ళూరు పక్కన మా పుట్టినూరు పాండూరులో మా ఇంటికి బడి దగ్గరే, కానీ అది తమిళ బడి. తమిళం చదివితే పిల్లకు ఇంటి మాట పోతుందని మా అవ్వ పంపలేదు. తెలుగు బడి చుట్టుపక్కల ఎక్కడా లేదు. అలా రెండు భాషలూ గలగలా మాట్లాడుతూ, రెండింటిలో ఒక్క అక్షరమూ రాకుండా పెరిగాను. బస్సు ఎటు పోతుందో కండక్టరు అరుపును బట్టి తెలుసుకునేదాన్ని. నా తల నెరిశాక, నగరి నుంచి వచ్చిన మా కోడలు పళ్ళెంలో బియ్యప్పిండి పరిచి వేలు పట్టుకుని అ ఆలు దిద్దించింది. చేయి కుదిరాక మొదట రాయాలనిపించింది ఆ ఎర్ర గిటారు గురించే.

మా ఆయనకు తిరుత్తణిలో, కొండకు పోయే దారిలో మైక్‌సెట్టు అంగడి ఉండేది. ముందు గదిలో అంగడి, వెనక ఇల్లు. ఆయన నాకు మేనబావ కనుక పెళ్ళయ్యాక కూడా బావా అనే పిలిచేదాన్ని. పెళ్ళిళ్ళకూ, చెవులు కుట్టే వేడుకలకూ, కొండ మీద కృత్తిక తిరునాళ్ళకూ ఆంప్లిఫయరు, గొట్టం స్పీకర్లు, ట్యూబులైట్లు, మడత కుర్చీలు బాడుగకు ఇచ్చేవాడు. ఆయన లెక్కలో లోకంలోని వస్తువులు రెండే రకాలు. బాడుగకు పోయేవి, పోనివి.

ఎనభైల మొదట్లో కల్యాణ మండపాల్లో సాయంత్రం పూట లైట్ మ్యూజిక్ అనే సినిమా పాటల కచేరీ పెట్టించే మోజు మొదలైంది. బావ అది చూసి చూసి ఒకరోజు మద్రాసుకు వెళ్ళి కొత్త ఎలక్ట్రిక్ గిటారు కొనుక్కొచ్చాడు. ఆయనకు వాయించడం రాదు, నేర్చుకోవాలనీ లేదు. బాడుగకు ఇవ్వడానికే తెచ్చాడు.

"వాయించేవాడు యాడుండాడురా?" అని అడిగింది మా అత్త.

"కుర్చీలు బాడుగకిస్తే కూర్చునేవాణ్ణి కూడా మనమే పంపతామా అమ్మా?" అన్నాడు బావ.

పెయింటరు వచ్చి అంగడి బోర్డు చివర గిటారు బొమ్మ వేశాడు. అది కాడతో సహా కోసిన వంకాయలా వచ్చింది.

గిటారు సంచీ విప్పిన సాయంత్రం నాకు బాగా గుర్తుంది. పండు మిరపకాయ రంగు. అద్దంలా మెరుస్తోంది. బరువు మాత్రం రోలు పొత్రమంత ఉంది. అత్త దాన్ని ముందూ వెనకా తిప్పి చూసింది. "దీనికి కడుపే లేదే! సద్దు యాడనుంచి వస్తాది?"

బావ తీగను మీటాడు. చెవి దగ్గర దోమ పాడినట్టు వినిపించింది. మద్రాసులో మోసపోయానేమో అని ఆయన ముఖం వాడిపోయింది. పైగా దాని ఒంటికి ఒక పక్కన చిన్న ఇనుప కాడ వేలాడుతోంది. అది పట్టుకుని ఎత్తే పిడి అనుకుని, దానితోనే గిటారును ఎత్తి బల్ల మీద పెట్టాడు. తీగలన్నీ ఒక్కసారిగా వదులై గురక పెట్టాయి. అది పిడి కాదు, స్వరాన్ని ఊగించడానికి పెట్టిన కాడ అని మాకు చాలా రోజులకు గానీ తెలియలేదు.

చివరికి వైరు తెచ్చి ఆంప్లిఫయరుకు తగిలించాడు. సామాను సరిచూసుకోవడానికి మిద్దె మీద ఎప్పుడూ ఒక గొట్టం స్పీకరు కట్టి ఉండేది. దాని సంగతి ఆయనకు గుర్తులేదు. ఈసారి మీటేసరికి వీధిలోని కాకులన్నీ లేచిపోయాయి. ఎదురింటి పూలామె కడుతున్న దండ చేతిలోనే పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. "ఏమక్కా, కరెంటు కంబం పడిపోయిందా?"

బావ మాత్రం నవ్వాడు. "సద్దు ఉండాది. నేను మోసపోలేదు."

ఆ తర్వాత ఆ గిటారును అడిగినవాడు లేడు. వాయించేవాళ్ళకు ఎవరిది వాళ్ళకు ఉంటుందని ఆయనకు తోచలేదు. నాదస్వరం ఊదే ఆయన నాదస్వరం బాడుగకు తెచ్చుకోవడం మేము ఎన్నడైనా చూశామా? అయినా అది అప్పుడు మా ఎవరి బుర్రకూ తట్టలేదు. గిటారు గోడకు ఆనుకుని ఉండిపోయింది. రోజూ దుమ్ము తుడిచే పని నాది.

బావ లైట్లు కట్టడానికి వెళ్ళినప్పుడు అంగడిలో ఆంప్లిఫయర్లు సరిచూసేదాన్ని నేనే. ఏ వైరు ఎక్కడ పెట్టాలో, మైకు ఎందుకు కూత పెడుతుందో నాకు చేతి అలవాటు. ఒక మధ్యాహ్నం మిద్దె మీది గొట్టాన్ని ఊడదీసి, లోపలి చిన్న స్పీకరుకు గిటారును తగిలించాను. తడి నేల మీద కాళ్ళు పెట్టకూడదని బావ ఎప్పుడూ చెప్పేవాడు, అందుకని చెక్క పీట వేసుకుని కూర్చున్నాను. స్విచ్చి వేయగానే స్పీకరు గుయ్యిమని గొణిగింది. భయంగానే తీగల మీద అరచేయి పెట్టాను. గొణుగుడు ఆగిపోయింది. చేయి తీస్తే మళ్ళీ మొదలు. పెడితే మౌనం. ఏడ్చే బిడ్డ వీపు మీద చేయి వేసినట్టే ఉంది. ఆ రోజు ఇంకేమీ వాయించలేదు. చేయి పెట్టడం, తీయడం, అంతే. వంటింట్లో పాలు పొంగిపోయాయి.

తర్వాత రోజుకొకటి తెలుసుకున్నాను. ఒక మర తిప్పితే గొంతు పెరుగుతుంది, ఇంకొకటి తిప్పితే జలుబు చేసినట్టు మొద్దుబారుతుంది. స్పీకరుకు ఎదురుగా తిరిగి కూర్చుంటే కూత పెడుతుంది, వీపు తిప్పితే మానేస్తుంది. తీగలకు పేర్లు తెలియవు కనుక ఇంట్లోవాళ్ళ వరసలు పెట్టుకున్నాను. లావు తీగ మా మామ, ఎప్పుడు కదిలించినా గుర్రుమంటాడు. అన్నిటికంటే సన్నతీగ మా ఆడబిడ్డ, కొంచెం గట్టిగా పట్టుకుంటే చాలు తెగిపోయేట్టు ఉంటుంది. వేళ్ళ కొనలు కోసుకుపోయి, చింతపండు పిసికేటప్పుడు భగ్గుమనేవి.

గిటారును ఏ శ్రుతిలో పెట్టాలో చెప్పేవాళ్ళు లేరు. బిరడాలు తిప్పి తిప్పి నా గొంతుకు సరిపోయేలా పెట్టుకున్నాను. ఒక తీగ మీద పాట నడిపిస్తే మిగిలినవి తంబూరాలా తోడు పలికేవి. పాండూరులో నాట్లు వేసేటప్పుడు పాడుకున్న పాటలు ఒక్కొక్కటే దొరికాయి. దొరికినప్పుడల్లా ఒంటరిగా నవ్వుకునేదాన్ని.

అత్త మొదట్లో సణిగింది. "అప్పళాల పిండి పిసకమంటే చెయ్యి నొప్పి. దీనికి మాత్రం నొప్పి లేదు." కొన్నాళ్ళకు ఆకూ వక్కా తీసుకుని తనే వచ్చి పక్కన కూర్చునేది. "ఆ లడ్డూల పాట వస్తాదామే, దాంట్లో?" అని అడిగింది ఒకరోజు. మా వాళ్ళ పెళ్ళి బంతిలో వియ్యపురాలిని ఎగతాళి చేసే పాట అది. మావైపు తెలియని ఆడమనిషి ఉండదు.

"వడ్డించిన లడ్డూలు యాడ పోయెనే,
సమ్మంధమ్మ కొంగేల బరువాయెనే..."

ఆ పాట బాగా పట్టుబడేదాకా అత్త నన్ను వదల్లేదు.

చివరికి గిటారును అడగడానికి ఒకాయన వచ్చాడు. తిరువళ్ళూరు లైట్ మ్యూజిక్ పార్టీలో వాయించే మనిషి. తన గిటారు మరమ్మతుకు ఇచ్చి, ఒక పూటకు ఇది కావాలని వచ్చాడు. బావ ఆనందంగా వైరు తగిలించి ఇచ్చాడు. ఆయన ఒక్కసారి మీటి ముఖం చిట్లించాడు. "ఏన్నా, ఇది గిటారా, తంబూరానా? యెవురు చేసినారు ఇట్ల?" అంటూ బిరడాలు చకచకా బిగించాడు. సన్నతీగ టప్పున తెగింది.

"ఆడబిడ్డ పోయింది," అన్నాను నేను, నోరు ఊరుకోక.

ఆయన నన్నూ బావనూ మార్చి మార్చి చూసి, "వద్దన్నా, ఇంకో చోట చూసుకుంటా," అని బస్సుస్టాండు దారి పట్టాడు.

"వచ్చిన ఒక్క గిరాకీ పాయె కదమే!" అని మండిపడ్డాడు బావ. "దాని చెవులు నువ్వు తిప్పినావా?"

"తిప్పినా. అది నా గొంతుకు కుదరకుండా ఉండె."

"నీ గొంతును యెవురు బాడుగకు తీసుకునేది?"

మద్రాసులో గిటారు కొన్నచోట, నచ్చకపోతే గీత పడకుండా తెస్తే వెనక్కి తీసుకుంటామన్నారట. ఆ వారమే తిరువళ్ళూరులో మా చిన్నాయన కూతురి పెళ్ళి, మైక్‌సెట్టు మాదే. గిటారును కూడా వెంట తీసుకుపోయి, పెళ్ళయిన మరునాడు అక్కడినుంచి మద్రాసు బండెక్కి ఇచ్చేసి వస్తానని ఆయన తీర్మానించాడు. సంచీలో ఇచ్చిన కొత్త తీగ వేయించి, గుడ్డతో తళతళా తుడిచాడు.

"ఉంచుకుందాం బావా," అన్నాను.

"ఎందుకు? నువ్వు ఆడుకునేదానికా?"

అవునని చెప్పడానికి సిగ్గేసింది. కాదనడానికి మనసు రాలేదు. ఇంట్లో ఇది నాకు కావాలని నేను నోరు తెరిచి అడిగిన వస్తువు అదొక్కటే. ప్రయాణానికి ముందు మధ్యాహ్నం దాన్ని మళ్ళీ నా గొంతుకు శ్రుతి చేసుకున్నాను. పోయేటప్పుడైనా నాదిగా పోనీ అనుకున్నాను.

పెళ్ళి స్టేషను దగ్గరి మండపంలో. ముహూర్తం అయ్యాక ఆడవాళ్ళ బంతి మొదలైంది. మగపెళ్ళివారు కవరైపేట్టై దగ్గరినుంచి వచ్చినవాళ్ళు. వాళ్ళలో ఒకామె గొంతు మిల్లు సైరనులా ఉంది. మా మైకునే లాక్కుని మమ్మల్నే ఉతికేస్తోంది. మా సాంబారు పప్పును వెతుక్కుంటూ ఊరంతా తిరుగుతోందని పాడింది. మా పాయసంలో జీడిపప్పు ఎక్కడుందో చూపించడానికి మైక్‌సెట్టు వాళ్ళ లైటు వేయించమంది. వాళ్ళ బంతి పగలబడి నవ్వుతోంది. మావైపు పాడవలసింది చిన్నమ్మ, పెళ్ళికూతురి తల్లి. రెండు రోజులుగా వంటవాళ్ళ మీద అరిచి అరిచి ఆమె గొంతు బొంగురుపోయింది.

"యేమన్నా చెయ్యమ్మే, మానం పోతా ఉండాది," అంది నా చెవిలో.

నాది సన్నగొంతు, సైరను ముందు నిలవదు. ఆంప్లిఫయరు వెనక గిటారు కనిపించింది. బావ బయట సాయంత్రానికి లైట్లు కడుతున్నాడు. రికార్డుల చెక్కపెట్టె మీద కూర్చుని, వైరు తగిలించి, లడ్డూల పాట ఎత్తుకున్నాను. మాటల్లేవు, వరస ఒక్కటే. మొదటి ముక్కకు ఎవరూ తలెత్తలేదు. రెండో ముక్క, ఆ "కొంగేల బరువాయెనే" దగ్గరికి వచ్చేసరికి, బంతిలో ఉన్న తలలన్నీ ఒకేసారి పెళ్ళికొడుకు తల్లి, మా కొత్త వియ్యపురాలి కొంగువైపు తిరిగాయి. పాపం, ఆమె అప్పుడే కొంగుతో మూతి తుడుచుకుంటోంది. మండపం గొల్లుమంది.

"యెవురే నన్ను ఎగతాళి చేసేది?" అని లేచింది ఆమె.

చిన్నమ్మ బొంగురు గొంతుతో ఎంతో మర్యాదగా అంది. "మేము యేమంటిమి సమ్మంధమ్మా? ఒక్క మాట అంటిమా? వాయిద్యం వాయిస్తా ఉండాం, అంతే!"

సైరనామె మైకు పట్టుకుని నిలబడిపోయింది. మాట అంటే మాటకు బదులు పాడవచ్చు. అనని మాటకు ఏం పాడుతుంది? నేను మళ్ళీ మొదటినుంచి ఎత్తుకున్నాను. ఏళ్ళ తరబడి ఆ వరసకు పాడిన నోరు కదా, ఆమెకు తెలియకుండానే అందుకుంది. "వడ్డించిన లడ్డూలు యాడ పోయెనే" అని తమ వియ్యపురాలి మీదే, మైకులో, నిండు గొంతుతో పాడింది. వియ్యపురాలు ఆమె వీపు మీద ఒక్కటి చరిచి, తనే నవ్వు ఆపుకోలేక కూర్చుండిపోయింది. మూడో ముక్కలో నా వేలు జారి తప్పు పలికింది గానీ, ఆ నవ్వుల్లో ఎవరికీ వినపడలేదు.

మైకు చెడిపోయిందేమో అని బావ స్క్రూడ్రైవరు నోట కరుచుకుని పరుగెత్తుకొచ్చాడు. నన్ను చూసి వాకిట్లోనే ఆగిపోయాడు.

భోజనాలయ్యాక వియ్యపురాలు ఆయన్ని పట్టుకుంది. "ఆవణి మాసంలో మా రెండోవాని పెండ్లి. ఈ గిటారు మాకు కావాల. అప్పుడు ఆడపిల్లోళ్ళను ఇట్లే వాయించాల."

"అట్లే తల్లీ, బాడుగకే పెట్టినాం," అన్నాడు బావ, ముఖం వెలిగిపోతూ.

"వట్టి గిటారు ఏం చేసుకునేదయ్యా? ఈ పిల్ల కూడా రావాల."

"ఆమె మా ఇంటామె. బాడుగకు పోదు."

"అట్లయితే నువ్వు వాయిస్తావా?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆయన లైట్ల పని ఉందని వెళ్ళిపోయాడు.

సాయంత్రం వైర్లు చుట్టుతుంటే పక్కకు వెళ్ళి అడిగాను. "రేపు మద్రాసుకు పోతావా బావా?"

"చూద్దాం. మైక్‌సెట్టు వాడు పెండ్లాన్ని కూడా బాడుగకు పంపతా ఉండాడు అంటారు నలుగురూ."

"నలుగురూ ఇంకో పాట వాయించమన్నారు. నువ్వే విన్నావు కదా."

"సుమ్మా ఉండు," అని నా నోరు మూయించి ఆయన వైరు చుట్టడంలో పడ్డాడు. చూద్దాం అన్నాడంటే ఆయన లోకంలో వద్దు అనే అర్థం. ఇన్నేళ్ళ కాపురంలో అది నాకు తెలియనిది కాదు.

మరునాడు ఉదయం సామాన్లను వ్యానులో తిరుత్తణికి పంపించి, బావ స్నానానికి వెళ్ళాడు. నేను గిటారు సంచీ భుజాన వేసుకుని, చిన్నమ్మతో మాత్రం చెప్పి, స్టేషనుకు నడిచాను. బోర్డులు చదవడం రాదు కనుక పోర్టరును అడిగి, వంతెనెక్కి దిగి, అరక్కోణం వైపు బండి ఆగే ప్లాట్‌ఫారం మీద కూర్చున్నాను. కాసేపటికి, చిన్నమ్మ చెప్పినట్టుంది, బావ తడితలతో మద్రాసు ప్లాట్‌ఫారం మీదికి వచ్చి అటూ ఇటూ వెతికాడు. పట్టాలకు ఇవతల నన్ను చూశాడు.

"ఏమే! అది మనూరి పక్క ప్లాట్‌ఫారం!" అని అరిచాడు.

"తెలుసు బావా!" అని నేనూ అరిచాను.

మద్రాసు బండి వచ్చి మా మధ్య ఆగి, కదిలి వెళ్ళిపోయింది. ఆయన అక్కడే ఉన్నాడు. తల గోక్కుంటూ వంతెనవైపు నడిచాడు. నేను సంచీని బెంచీ మీద కొంచెం ఇటు జరిపి, ఆయన కూర్చోవడానికి చోటు చేశాను.