పొద్దుకు గుడి కట్టింది

ఈ మధ్యాహ్నం మరాఠీ రాష్ట్రం అంచునున్న మా అంకిసలో, కళ్లంలో మిరపకాయలు ఆరుతున్నాయి. పక్క చేను పోశక్క పైకి చూసి, "పొద్దుకు గుడి కట్టింది, ఇగ కాయలు ఎత్తుండ్రి" అన్నది.

మరాఠీ బడిలో చదివే మా అమ్మాయికి పాడ్వా పండగనాడు, అంటే మన ఉగాదినాడు, ఇంటిముందు బట్ట కట్టి నిలబెట్టే గుఢీ కర్ర ఒక్కటే తెలుసు. "పండుగ అయిపాయె కదా పెద్దమ్మా, ఇప్పుడు గుఢీ ఎవలు కట్టిండ్రు?" అన్నది.

"గా గుడి కాదు బిడ్డా, చెయ్యి అడ్డం పెట్టి పైకి చూడు."

సూర్యుడి చుట్టూ ఎంత పెద్ద వలయమో, లోపలి అంచు ఎర్రగా మెరుస్తోంది. మేం నోరు తెరుచుకుని చూస్తుంటే, "గుడి దూరముంటే వాన దగ్గర" అంటూ పోశక్క అప్పటికే మా కాయలు గంపకెత్తుతోంది.

సాయంత్రం వాన దంచింది. నా ఫోన్‌లో వాతావరణం మాత్రం ఇంకా ఎండే చూపిస్తోంది.

మీ ఊరి పోశక్క ఎవరో చెప్పండి.