బొట్టు పెట్టిన సైకిలు

నేను ఏడో తరగతి పాసైనప్పటి మాట. హైస్కూలు మా ఊరికి ఆరు కిలోమీటర్లు. సైకిలుంటేనే పంపిస్తానన్నాడు నాన్న. సైకిళ్లిస్తామని ఒక సంఘం వాళ్లు మా పదిమంది ఆడపిల్లల్ని నారాయణగూడలో సభకు తీసుకొచ్చారు.

నా పేరు పిలిచి స్టేజీ మీద సైకిలు చేతికిచ్చారు. ఇక ఆగుతానా! అమ్మ పొట్లం కట్టిచ్చిన కుంకుమతో కొత్త సైకిలు హ్యాండిలుకు బొట్టు పెట్టేశాను.

"ఏం జేసినవ్ పిల్లా! జల్ది తుడువు. ఇంకా తొమ్మిది మంది దీంతోనే ఫోటో దిగాలె" అన్నాడు మైకు పట్టుకున్న సారు.

"మరి నా సైకిల్ ఏది సార్?"

"ఊరికి పంపిస్తం తియ్!"

సభంతా నవ్వింది. చున్నీతో తుడిచాను.

సైకిలు రాలేదు. చదువు అక్కడే ఆగింది. ఇప్పుడు అశోక్‌నగర్ హాస్టల్లో చపాతీలు చేస్తున్నాను. వీధిలో ఎవరైనా కొత్త బండికి బొట్టు పెడుతుంటే, తుడవమనేవాళ్లు ఉన్నారేమోనని ఇప్పటికీ చుట్టూ చూస్తాను.