పెన్సిల్‌తో కొట్టేసిన మూడు మాటలు

పేపర్లో సుడోకు వేయడం మొదలుపెట్టిన కొత్తల్లో మా ఇంట్లో పొద్దున్నే దానిమీద తగువే. మా ఆయన గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టు గుమస్తా. టీ తాగుతూ ఆ గళ్లను నాకూ ఒక చీటీ మీద గీసిచ్చేవారు. ఆయనది పెన్సిలు, నాది పెన్ను. ఒక్కో గడి మూలన పట్టే అంకెలన్నీ చీమ తలంత రాసుకుని, పట్టనివి ఒక్కొక్కటే కొట్టేసేవారు. నాకంత ఓపిక ఎక్కడిది? ఐదో ఏడో అనిపిస్తే ఐదు పెట్టేసేదాన్ని.

“గుడ్డెద్దు చేలో పడ్డట్టు ఏంటే ఆ నింపడం? ఏది కాదో ముందు తేల్చు. మిగిలిందే జవాబు,” అనేవారు.

“మీరు తేల్చేలోపు నేను వంట చేసొస్తానండీ.”

సీజన్లో యార్డు మనుషులంతా దగ్గుతూనే ఉంటారు. ఆయన విప్పిన చొక్కా దండెం మీద వేస్తే నాకు తుమ్ములొచ్చేవి. ఆ దగ్గును మేం జబ్బనుకోం, ఘాటు అంటాం. మే నెలలో ఎండాకాలం సెలవులకు యార్డు మూస్తే దానంతటదే పోతుంది.

ఒక ఏడాది మాత్రం ఆ దగ్గు పోలేదు. యార్డు మూసిన మూడో వారం, పేపరు ముందేసుకుని, “ఇంకా దగ్గేంటే నాకు?” అన్నారు.

నాకు ఒక గడిలో ఆరో తొమ్మిదో తేలక చిరాగ్గా ఉంది. “ఘాటేలెండి. నాలుగు నెలలు పీల్చింది నాలుగు రోజుల్లో పోతుందా?” అని తొమ్మిది పెట్టేశాను. ఆయన మళ్లీ అడగలేదు.

వినాయక చవితి వెళ్లాక దగ్గులో నెత్తురు పడింది. అప్పుడు పరిగెత్తాం ఆసుపత్రికి. ఊపిరితిత్తిలో గడ్డ, ముదిరిపోయింది, కాస్త ముందు రావాల్సింది అన్నారు డాక్టరు గారు. మళ్లీ యార్డుకు కొత్త కాయ వచ్చేసరికి ఆయన లేరు.

పాత పేపర్లు అమ్మేద్దామని తీస్తుంటే ఆ మే నెల పేపరు బయటపడింది. సుడోకు సగంలో ఆపేశారు. పక్కన అంచులో, అంకెలు రాసుకున్నట్టే, పెన్సిల్‌తో చిన్నగా మూడు మాటలు: జలుబు, దుమ్ము, ఘాటు. మూడింటినీ కొట్టేశారు. నాలుగోది రాయలేదు.

మడతలో నా చీటీ కూడా ఉంది. ఒకే వరసలో రెండు తొమ్మిదులు.

అన్నీ కొట్టేసుకున్నాకే నన్ను అడిగారన్నమాట. నా నోరు పడిపోను, తలైనా ఎత్తి చూడలేదు.