కలిసినాక గింజంత దగ్గరికి: పాత లెన్స్‌తో రంగత్ ప్రయాణం

పోర్ట్ బ్లెయిర్ నుంచి రంగత్ వెళ్ళడానికి ఎన్నో ఏళ్ళుగా దొరకని తీరిక నాకు ఒక్క ఫోన్‌తో దొరికింది. చేసింది మా మేనకోడలు సలోమి. "మామయ్యా, అమ్మ నిన్ను రమ్మంటోంది. నాన్న కెమెరా తెమ్మంది. పొడుగు లెన్స్ మర్చిపోవద్దంది" అని, "డాక్టర్ సాబ్ ఇంక ఇంట్లోనే ఉంచుకోమన్నాడు" అంది. సలోమి అమ్మ అంటే మా అక్క. మా వైపు అక్కని అప్ప అంటాం. సలోమి నాన్న, అంటే మా బావ, రంగత్ బజారులో ఫోటో స్టూడియో నడిపిన మనిషి. పోయి పన్నెండేళ్ళయింది. ఆయన ముఖం ఈ రోజు ఏ కాగితం మీదా లేదు. అందుకు కారణం నేను. కనీసం అప్ప ముఖమైనా పిల్లలకి మిగలాలి, అది నా చేత్తోనే తీయించుకోవాలని ఆమె కోరిక. ఈ ప్రయాణం అందుకే.

సంగతి దాచకుండా చెబుతాను. నేను వారమంతా హార్బర్ దగ్గర ఒక వర్క్‌షాపులో ఫిట్టర్‌ని, ఆదివారం బోధకుణ్ణి. ఏ బైబిలు పాఠశాలకీ వెళ్ళలేదు. తెలుగు చదవడం కూడా బైబిలు ముందు పెట్టుకుని అక్షరం అక్షరం కూడబలుక్కుని నేర్చుకున్నవాణ్ణి. బావ పోయిన మరుసటి ఏడు రంగత్‌లో మూడు రోజుల ప్రార్థన కూడికలకి పిలిస్తే, రెండో రోజు విగ్రహాల మీద బోధించాను. అక్కడ మన తెలుగు విశ్వాసుల ఇళ్ళలో పోయినవాళ్ళ ఫోటోలకి ప్లాస్టిక్ దండలు, చిన్న చిన్న ఎర్ర బల్బులు చూసి నాకు ఒళ్ళు మండిపోయింది. "దండేసిన ఫోటో విగ్రహం కాదా? దించండి! ఈ పూటే దించండి!" అని బల్ల గుద్ది అరిచాను. జనం స్తోత్రం, స్తోత్రం అన్నారు. మా అప్ప ఇంటికి వెళ్ళి బావ ఫోటో దించి పొయ్యిలో పెట్టింది. దాని నెగటివ్ ఎప్పుడో చెదలు తినేశాయి. బతికినంతకాలం కెమెరా వెనకే నిలబడ్డ మనిషి కాబట్టి ఆయనకున్న ఫోటో అదొక్కటే. మర్నాడు అప్ప కెమెరా, లెన్సులు ఉన్న పెట్టె తెచ్చి నా చేతుల్లో పెట్టింది. "ఇది కూడా ఇంట్లో ఉండకూడదేమో, నువ్వే ఉంచీసుకో" అంది. ఆ మాటలో కోపం లేదు. ఉంటే బాగుండేది.

ఫిట్టర్ని కదా, ఆ పెట్టె తెరవకుండా ఉండలేకపోయాను. వీడియోలు చూసి కెమెరా నేర్చుకున్నాను. అది రేంజ్‌ఫైండర్ రకం. అందులో మనం లెన్స్‌లోంచి చూడం, పక్కనున్న చిన్న కిటికీలోంచి చూస్తాం. కిటికీ మధ్యలో ఒక పసుపు చుక్క ఉంటుంది. ఆ చుక్కలో ఒకే మనిషి రెండు బొమ్మలుగా కనిపిస్తాడు. రింగు తిప్పుతూ పోతే రెండూ జరిగి జరిగి ఒకటవుతాయి, అప్పుడు నొక్కాలి. దాంతో పడవలు తీశాను, హోప్ టౌన్ జెట్టీ తీశాను, చెట్లు తీశాను. ముఖాలు మాత్రం తీయనని తీర్మానం చేసుకున్నాను. అందుకే ముఖాల కోసమే తయారైన ఆ ఎనభై అయిదు మిల్లీమీటర్ల పాత పొడుగు లెన్స్‌ని బూజు పట్టకుండా తేమ పీల్చే సిలికా సంచులతో డబ్బాలో దాచానే గానీ, ఒక్కసారి కూడా కెమెరాకి తగిలించి చూడలేదు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

రంగత్ బస్సు తెల్లవారుజామున నాలుగున్నరకి. టికెట్ మూడు వందల లోపే, కాకపోతే ముందురోజు వెళ్ళి తీసుకోండి, లేకపోతే చివరి సీటే గతి. నేను మా ఇల్లున్న డిగ్నాబాద్ నుంచి ఆటోలో వెళ్ళాను. జిర్కాటాంగ్ దగ్గర బళ్ళన్నీ వరసలో ఆగుతాయి, ఆరు గంటలకి కాన్వాయ్‌గా అడవిలోకి వదులుతారు. జరావా ఆదివాసుల అడవి అది. దారిలో ఆగకూడదు, ఫోటో తీయకూడదు. మా కండక్టర్ నడివయసు మనిషి, మన తెలుగువాడే. నా మెడలో కెమెరా, చేతిలో బైబిలు చూసి దగ్గరకొచ్చాడు.

"పాస్టర్‌జీ, కెమెరా బ్యాగులో పెట్టీయండి. ఇక్కడ తీస్తే సీదా కేసే."

"పాస్టర్‌ని కాదు బాబూ, బోధకుణ్ణి. అయినా నేను మనుషుల్ని తీయను."

"మనుషుల్ని తియ్యకపోతే ఇంత పెద్ద కెమెరా దేనికండీ, పూజకా?"

బస్సంతా నవ్వింది. నేనూ నవ్వినట్టు ముఖం పెట్టి కెమెరా లోపల పెట్టాను. అడవి దాటేవరకు ఆ ఒక్క మాటే చెవిలో మోగింది.

మిడిల్ స్ట్రెయిట్ దగ్గర బస్సు దిగి, దానితోపాటే వెహికల్ ఫెర్రీ ఎక్కాలి. అటువైపు బారాటాంగ్‌లో దిగేసరికి ఎనిమిదవుతుంది. టిఫిన్ అక్కడే చేయండి, ముందు దారిలో మంచిది దొరకదు. జెట్టీ పక్కన పొయ్యి ముందు కూర్చున్నావిడని "దీదీ, పూరీ ఉందా?" అని అడిగాను.

"పూరీ ఖతం భయ్యా. వడ గరం గరం ఉంది. ఎక్కడికి పోతన్నారు?"

"రంగత్. మా అప్పకి బాగులేదు."

ఆవిడ నాలుగు వడలు విడిగా కాగితంలో చుట్టి నా సంచిలో పెట్టింది. "జబ్బు మనిషి ఉన్న ఇంట్లో పొద్దున్న పొయ్యి ఎలిగించి ఉండరు. పట్టుకెళ్ళండి" అంది. దేవుని వాక్యం చెప్పేవాడిని నేను, చేసేది ఆవిడ. ఇదివరకు ఉత్తరా దగ్గర ఇంకో ఫెర్రీ ఉండేది, ఇప్పుడు వంతెన వచ్చింది కాబట్టి గంట కలిసొస్తుంది. పదకొండు దాటాక రంగత్ బజారులో దిగాను.

అప్ప కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని ఉంది. వెనక్కి వాలితే ఊపిరి అందదని, మోకాళ్ళ మీద చేతులు ఆనించి ముందుకు వంగి కూర్చుంది. ఆమె వెనక ఆకుపచ్చ గోడ. ఆ గోడ మీద రంగు వెలిసిపోకుండా మిగిలిపోయిన పలకంత మేర ఒకటి, పైన ఒక మేకు. బావ ఫోటో ఉండిన చోటు.

"వొచ్చినావా? నల్లగయిపోనావురా."

"ఎలా ఉన్నావప్పా?"

"నాకేటి, మహారాణిని. కుర్సీలోంచి కిందికి దిగనివ్వరు."

క్షమించమని అడగాలని దారంతా మాటలు కూర్చుకుంటూ వచ్చాను. ముందు ప్రార్థన చేద్దామని మోకరించాను. అలవాటు ప్రకారం అది పెరిగిపోయింది. అప్ప నా భుజం తట్టింది. "పార్ధన తరవాత సేద్దువు గానిరా. ఎలుతురు ఎల్లిపోద్ది."

ఆమెని బయటికి తీసుకురాలేం, గదిలో వెలుగు తక్కువ. అందుకని లెన్స్ పూర్తిగా తెరవాల్సి వచ్చింది. అలా తెరిస్తే నాలుగు వేళ్ళ మందం మాత్రమే స్పష్టంగా పడుతుంది, ముందూ వెనకా అంతా కరిగిపోతుంది. కెమెరా కంటికి పెట్టుకుని రింగు తిప్పుతుంటే అప్ప అడిగింది.

"పసుపు సుక్కలో రెండూ కలిసినాయా?"

"కలిశాయి."

"కలిసినాక ఇంకొక బియ్యపు గింజంత దగ్గరికి తిప్పు. ఈ లెన్సుకి అంతే. మీ బావ ఎప్పుడూ అలాగే తిప్పీవోడు."

"రెండూ ఒకటయ్యాక మళ్ళీ విడదీయడమేంటప్పా? మెషీను సంగతి నాకు తెలుసులే."

"ఔనులే, ఫిట్టరువి" అంది. మళ్ళీ తనే, "నానూ తీసినానురా దీంతో. ఒకే ఒక్క ఫోటో. మీ బావది."

ఇద్దరం గోడ వైపు చూడలేదు. సలోమి మాత్రం, "మామయ్యా, అమ్మ చెప్పినట్టు ఒక్కటైనా తియ్యొచ్చు కదా" అంది. "ఉండవే, ఫిల్మ్ వేస్టవుతుంది" అన్నాను. చుక్క చెప్పినట్టే ఏడు తీశాను.

ఏడో దాని తర్వాత కెమెరా దించి, "అప్పా, ఆ రోజు కూడికలో నేను..." అని మొదలుపెట్టాను.

"నువ్వు సెప్పింది వాక్యమనుకున్నానురా" అంది అప్ప, నెమ్మదిగా. "ఆ పొయ్యి ఎలిగించడానికి మూడు అగ్గిపుల్లలు పట్టినాయి."

వందమంది ముందు ఉరిమే నోరు ఇది. అది వాక్యం కాదప్పా, నా కోపం అని అనాలి. అనలేకపోయాను. అప్ప అలిసిపోయి, ఊపిరి అందకపోయినా సరే అన్నట్టు వెనక్కి వాలి, తల గోడకి ఆనించి కళ్ళు మూసుకుంది. చేతులు ఏం చేయాలో తెలియక కెమెరా ఎత్తి, రింగు ముట్టుకోకుండానే నొక్కాను. అది ఎనిమిదోది.

ఆ రాత్రి అక్కడే ఉండి మర్నాటి బస్సుకి వచ్చాను. నాకు తెలిసి ఈ దీవుల్లో ఫిల్మ్ కడిగేవాళ్ళు లేరు. స్పీడ్ పోస్ట్‌లో చెన్నై పంపితే కడిగి, స్కాన్ చేసి ఫోన్‌కి పంపుతారు, నెల పట్టొచ్చు. నెల పట్టింది. మూడో వారంలో అప్ప వెళ్ళిపోయింది. సమాధి కార్యక్రమానికి అదే బస్సు, అదే ఫెర్రీ. వడలావిడ నన్ను గుర్తుపట్టింది.

బొమ్మలు వచ్చిన రోజు వర్క్‌షాపులో భోజనాల వేళ. తెరిచి చూశాను. ఏడింటిలోనూ అప్ప ముఖం పాలల్లో కరిగినట్టుంది, కళ్ళు ఎక్కడున్నాయో కూడా తెలియదు. ఆ ముఖం వెనక గోడ మాత్రం అద్దంలా ఉంది. బ్రష్ గీతలు, పలక అంచు, మేకు మీది తుప్పు, అన్నీ. ఈ లెన్స్ వేరే కెమెరా కొలతకి చేసింది. చుక్కలో కలిసినట్టు కనబడినా, స్పష్టత జానెడు వెనక పడుతుంది. బావకి తెలుసు. అప్పకి తెలుసు. నాకు చెప్పింది కూడా. ఎనిమిదోది తెరిచాను. వెనక్కి వాలింది కాబట్టి అప్ప తానే ఆ జానెడు దూరం జరిగి స్పష్టతలోకి వచ్చింది. ప్రతి ముడతా ఉంది, చెవుల ఖాళీ రంధ్రాలు ఉన్నాయి, పక్కనే ఆ మేకూ ఉంది. కళ్ళు మాత్రం మూసుకుని ఉన్నాయి. అందులో నా చేతి పని ఏమీ లేదు.

సువార్తలో గుడ్డివాడు ప్రభువు చెయ్యి మొదటిసారి తగిలినప్పుడు మనుషుల్ని చెట్లలాగా చూశాడని, రెండోసారి తగిలితే గానీ సరిగ్గా చూడలేదని నేను ఎన్నిసార్లు బోధించానో లెక్క లేదు. మొదటి తాకిడితోనే బయలుదేరి, చెట్లని నరుకుతున్నానని మనుషుల్ని నరికినవాణ్ణి నేనే. నాలాంటి బోధకులారా, ఈ ముక్క మీకే రాస్తున్నాను. అప్ప నా మాట విని ఒక ముఖం పోగొట్టుకుంది. నేను అప్ప మాట వినక ఇంకో ముఖం పోగొట్టబోయాను. పోయిన వారం సలోమి ఫోన్ చేసి, "మామయ్యా, ఆ ఎనిమిదోది గోడకి పెట్టుకోవచ్చా?" అని అడిగింది. నన్ను అడిగింది! ప్రింటు వేయించి, ఫ్రేము కట్టించి, మళ్ళీ అదే బస్సు ఎక్కాను. మేకు కొట్టక్కర్లేకపోయింది. నా చేతులతోనే తగిలించాను.

పాత లెన్స్‌తో ప్రయాణం పెట్టుకునేవాళ్ళకి ఒకటే సలహా. బయలుదేరే ముందు ఒక న్యూస్‌పేపర్ బల్ల మీద ఏటవాలుగా నిలబెట్టి, నడిమి గీత మీద చుక్క కలిపి, లెన్స్ పూర్తిగా తెరిచి నాలుగు ఫోటోలు తీసి కడిగించండి. ఏ గీత స్పష్టంగా పడిందో చూస్తే మీ లెన్స్ ఎటు, ఎంత తప్పుతుందో తెలుస్తుంది. నా లెన్స్ లెక్క ఒక చీటీ మీద రాసి డబ్బా మూతకి లోపల అతికించాను, అప్ప అన్న మాటల్లోనే: కలిసినాక ఇంకొక బియ్యపు గింజంత దగ్గరికి.